మూడో క్యాసెట్ దాకా

కడలూరు నుంచి పుదుచ్చేరి వస్తున్న బస్సు మురుంగపాక్కం దగ్గర మొరాయించింది. డ్రైవరు దిగి ఇంజను వైపు చూశాడు. కండక్టరు దిగి డ్రైవరు వైపు చూశాడు. మేమంతా దిగి, ఎవరి వైపు చూడాలో తెలియక రోడ్డు వైపు చూశాం. అప్పుడే ఒక ముసలి స్కూటరు నన్ను దాటి కొంచెం దూరం పోయి ఆగింది. నడిపే మనిషి బండి తిప్పే శ్రమ పడకుండా, కాళ్లతో నేలను తన్నుకుంటూ వెనక్కి వచ్చి, హెల్మెట్ తీశాడు. కొన్నేళ్ల తరవాత కనబడిన స్నేహితుణ్ణి బతికే ఉన్నావా అనైనా అడగాలి కదా. అడగలేదు.

“ఏంది అన్నా, నాలుగోది ఇంకా వింటానే ఉండావా?” అన్నాడు.

ఆదికేశవన్ గురించి తెలుసుకోవలసింది చాలావరకు ఈ ప్రశ్నలోనే ఉంది. సాల్ట్ ప్యాన్స్ అనే రాక్ బ్యాండు మొదట తెచ్చిన మూడు క్యాసెట్లను మించిన సంగీతం భూమ్మీద లేదన్నది ఆయన మతం. నాలుగోదానితో ఆ బ్యాండు చచ్చిపోయిందట. ఆ పైన వచ్చినవన్నీ శవానికి తొడిగిన కొత్త బట్టలట. ఈ మాటను ఆయన వాదనలాగా చెప్పడు, రేపు వాన పడుతుందన్నట్టు చెబుతాడు.

ఆ బ్యాండు పేరు మీరు విని ఉండరు. విన్నవాళ్లు విన్నామని ఒప్పుకోరు. ఎనభైల మొదట్లో పుదుచ్చేరి ఉప్పళంలో నలుగురు కుర్రాళ్లు భుజాల దాకా జుట్టు పెంచి, తాము పోగయ్యే ఆ ఉప్పుమడుల పేట పేరుకే ఇంగ్లీషు తొడుగు వేసి సాల్ట్ ప్యాన్స్ అయ్యారు. ఇంగ్లీషులో పాడేవాళ్లు. ఎదుట టూరిస్టులుంటే మధ్యమధ్య ఫ్రెంచి మాటలు చల్లేవాళ్లు. మొదటి క్యాసెట్ ‘వెట్ సాండ్’. రెండోది ‘బోంజూర్ మునుసామి’. మూడోది ‘నో పవర్ టిల్ సిక్స్’. అది రికార్డు చేస్తుంటే నిజంగానే కరెంటు పోయిందంటారు. నాలుగోది ‘గుడ్‌నైట్ సైక్లోన్’. అది మద్రాసు కాలేజీ హాస్టళ్లలో తెగ మోగింది. ఆ బ్యాండు తరవాత పెళ్లి రిసెప్షన్లకూ, ఒక బిస్కెట్ల ప్రకటనకూ పనికొచ్చి, ఆపైన దేనికీ పనికిరాకుండా పోయింది. ఆ పాటలు పాడి ప్రేమించుకుని పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లే ఇవాళ వాటి పేరెత్తితే కిటికీలోంచి బయటికి చూస్తారు. నేను తిరిగిన ప్రతి ఊళ్లోనూ ఈ సంగతి చూశాను. పాత పుస్తకాల అంగళ్లలో, ఒకప్పుడు జనం భుజాల మీద ఊరేగించిన రచయితలు తూకానికి పడి ఉంటారు. మనుషులు తమ పాత ప్రేమలను దాచుకున్నంత శ్రద్ధగా పాత నేరాలను కూడా దాచుకోరు. సరే, దారి తప్పుతున్నాను.

ఉప్పళంలో ఆదికేశవన్‌కు రంగుల దుకాణం ఉంది. మేడ మీది గదిలో నేను కొన్నాళ్లు అద్దెకున్నాను. టూరిస్టులు ఫొటోలు తీసుకునే ఆ ప్రసిద్ధమైన పసుపు గోడల్లో చాలా గోడల పసుపు ఆయన డబ్బాల్లోంచి పోయిందే. గోడ వెనక కాపురాలు ఖాళీ అయి హోటళ్లయ్యాయి కానీ, పసుపు మాత్రం చెక్కు చెదరలేదు. దుకాణంలో కర్రతో రంగు కలిపినంతసేపూ క్యాసెట్ మోగాల్సిందే. మొదటిది, రెండోది, మూడోది, మళ్లీ మొదటిది.

ఒకరోజు ఒక పెద్దమనిషి ఇంటి ముందు గోడకు సగం దాకా రంగు వేయించి, మిగతా సగానికి డబ్బాలు కొనడానికి వచ్చాడు. వాతావరణం హాయిగా ఉందని కాబోలు, “సార్, నాలుగో క్యాసెట్‌లో లైట్‌హౌస్ అని ఒక పాటుంది కదా, అది వెయ్యండి” అన్నాడు.

ఆదికేశవన్ చేతిలో కర్ర ఆగిపోయింది. “మీకింకా ఎంత గోడ ఉండాది?”

“సగం.”

“ఆ సగానికి ఇంకో కొట్లో కొనుక్కోండి.”

“అదే రంగు ఇంకో కొట్లో దొరకదు కదండీ.”

“దొరకదు” అని ఆదికేశవన్ ఒప్పుకున్నాడు.

ఆ గోడ సగం పసుపుతో, సగం సిమెంటుతో చాలాకాలం నిలబడింది. ఎవరో విదేశీయుడు దాన్ని కళ అనుకుని ఫొటో తీసుకున్నాడని కూడా విన్నాను.

ఆయన పెళ్లిచూపుల కథ ఆయన భార్య లోగనాయకి నాకు స్వయంగా చెప్పింది. పెద్దలు కాఫీలు తాగి పక్కకు తప్పుకున్నాక ఆదికేశవన్ గొంతు సవరించుకుని, “నాలుగో క్యాసెట్ విన్నావా?” అన్నాడట.

“నేను గుళ్లో మైకు తప్ప ఏమీ వినలేదు అన్నా” అంది నాతో లోగనాయకి. “అదే చెప్పినా. ఆయన మొహం వెలిగిపోయింది. చెవులు చెడిపోని పిల్ల దొరికిందని ముహూర్తం పెట్టించేసినాడు. నా మొహం ఎట్లుండాదో పెళ్లయినాక చూసినట్టుండాడు.”

నేను అద్దెకు దిగిన కొత్తల్లో, నాలుగోది కూడా బాగానే ఉంటుందే అని నోరు జారాను. ఆయన గది ఖాళీ చెయ్యమనలేదు. అంతకంటే ఘోరమైన పని చేశాడు. అప్పటిదాకా ‘అన్నా’ అంటున్నవాడు ఆ రోజు నుంచి ‘సార్’ అన్నాడు. నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టేదాకా మళ్లీ అన్నను కాలేకపోయాను.

“అసలు ఆ మూడింట్లో ఏముందయ్యా?” అని ఒకసారి నిలదీశాను.

“వేగం” అన్నాడు.

ఇక్కడ ముకుందన్ గురించి చెప్పాలి. ఆ మూడు క్యాసెట్లలో డ్రమ్ములు వాయించింది మురుంగపాక్కం ముకుందన్. పొలాలున్న తెలుగు కుటుంబం. తెలుగు ఇంట్లో మాట్లాడతారు; అక్షరాలు మాత్రం ఎవరికీ రావు. అతను వాయించడం నేర్చుకున్నది బళ్లో కాదు, అమ్మవారి ఊరేగింపు ముందు నడిచే మేళంలో. ఆ మేళానికి ఒక పద్ధతి ఉంది. ఊరేగింపు బయలుదేరేటప్పుడు దెబ్బ నిదానంగా ఉంటుంది. వీధులు తిరిగేకొద్దీ పెరుగుతుంది. చివరి మలుపు తిరిగి గుడి తలుపు కనబడేసరికి మోసేవాళ్లు పరుగు మీద ఉంటారు, మేళం వాళ్ల కంటే ముందు పరుగు మీద ఉంటుంది. నడక రాకముందే ఇది ఒంటికి పట్టిన కుర్రాడికి, మొదలైన వేగంలోనే ముగిసే పాట ఇల్లు చేరని పాట. అందుకని ‘వెట్ సాండ్’లో మొదటి పాట షికారులా మొదలై, గాయకుడు గస పెడుతుండగా ముగుస్తుంది. అన్ని పాటలూ అంతే.

మూడో క్యాసెట్ తరవాత మద్రాసు నుంచి వచ్చిన కంపెనీవాళ్లు ముకుందన్‌కు తాళం నిలవదన్నారు. నిలవదని మిగతా ముగ్గురూ తలూపారు. అతని స్థానంలో డ్రమ్ మిషన్ పెట్టారు. ముకుందన్ డ్రమ్ములు అమ్మేసి కొబ్బరితోటలోకి వెళ్లిపోయాడు. కానీ రోజూ సాయంత్రం ఉప్పళం వచ్చి, ఆదికేశవన్ దుకాణంలో బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చునేవాడు. క్యాసెట్ మోగుతుండేది. ఆదికేశవన్ వచ్చిపోయే కొనుగోలుదార్లకు వేగం మహిమ బోధించేవాడు. “మొదట్లో ఉన్నట్టే చివర్లో ఉండేదానికి అది పాటా, గోడా?” ముకుందన్ అంతా వినేవాడు. నవ్వి, టీ తాగి, వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు బస్సు దగ్గరికి వద్దాం.

“ఎక్కడికి పోతున్నావు?” అన్నాను.

“ముకుందన్ని తోడుకొచ్చేదానికి. నువ్వూ ఎక్కు. సాయంత్రం బీచ్ దగ్గర ఒక కాఫీ హోటల్లో సాల్ట్ ప్యాన్స్ ప్రోగ్రాం ఉండాది.”

“ఇన్నాళ్లకు గుర్తొచ్చారా? మంచిదే.”

ఆదికేశవన్ హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పాడు. “మంచిది కాదన్నా. నా తమ్ముడి మనవరాలు ఆర్తి అక్కడే పని చేస్తాది. అది చెప్పింది. నెలకొకసారి పాత చెత్త పాటలు వేసుకొని నవ్వుకుంటారంట. దానికొక పేరు గూడా ఉండాదంట, ‘చెవులకు శిక్ష’ అని. ఈ నెల శిక్ష మనోళ్లది.”

“ముకుందన్‌కు తెలుసా?”

“ఎవరో కార్డు పంపినారు. దానిమీద ఇంగ్లీషులో వాడి పేరు ఉండాది. సన్మానం అనుకొని చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.”

“వెళ్లొద్దని చెప్పలేకపోయావా?”

“ఎందుకు వద్దని అడుగుతాడు గదా. ఏం చెప్పేది? నిన్ను చూసి నవ్వేదానికి పిలిచినారని నా నోటితో చెప్పేదా?” అని హెల్మెట్ పెట్టేసుకున్నాడు. లోపలి నుంచి మాట బొంగురుగా వచ్చింది. “వస్తే నేను పక్కన ఉంటా. అంతే.”

ముకుందన్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా. ఇస్త్రీ మడత ఎంత పదునుగా ఉందంటే దానితో కొబ్బరికాయ కొయ్యొచ్చు. నన్ను చూసి, “అన్నా, నువ్వు గూడా దీనికోసరమే వచ్చినావా?” అన్నాడు. బస్సు చెడిపోయి వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు. అవునన్నాను.

ముగ్గురు తాతలం ఒక స్కూటరెక్కాం. దుకాణం దగ్గర ఆగితే లోగనాయకి గడపలోంచే మమ్మల్ని పరికించింది.

“పోలీసులు ఆపితే ముగ్గురి వయసూ చెప్పండి. కేసు రాయకుండా ఆసుపత్రికి పంపిస్తారు” అంది. తరవాత ముకుందన్ చొక్కా చూసింది. చూసి, నవ్వు ఆపేసి, “బాగుండావు ముకుందన్నా” అంది మెల్లగా. ఆమెకూ తెలుసు.

కాఫీ హోటల్ గోడ కూడా ఆ పసుపే. లోపల కుర్రకారు. కొందరు పొడుగు జుట్టు విగ్గులు పెట్టుకుని వచ్చారు. ఆర్తి మమ్మల్ని చూడగానే ట్రే పట్టుకున్న చేతులతోనే ఎదురొచ్చి, “తాతా, తీసుకురావద్దని చెప్పినా కదా” అని ఆదికేశవన్ చెవిలో అంది.

“నీకు రొంబ తెలుసు. పో, కాఫీ తీసుకురా.”

పిలక వేసుకున్న ఒక యువకుడు మైకు పట్టుకున్నాడు. మర్యాదస్తుడే. మర్యాదగా నవ్వించడం నేర్చినవాడు. ‘వెట్ సాండ్’ మొదటి పాట పెట్టాడు. పాట సగం దాటి వేగం అందుకోగానే శబ్దం తగ్గించి, తమిళంలో అన్నాడు: “ఈ డ్రమ్మర్‌ని గమనించండి. మొదట్లో నడుస్తున్నాడు. ఇప్పుడు సైకిలెక్కాడు. ఆగండి, ఇదిగో, కుక్క తరుముతోంది.”

జనం పగలబడి నవ్వారు. ముకుందన్ కూడా నవ్వాడు, పదిమందిలో ఉన్నప్పుడు నవ్వాలి కాబట్టి. తరవాత, బల్ల మీద తాళం వేస్తున్న తన వేళ్లను చూసుకుని, రెండు చేతులూ ఒళ్లోకి తీసేసుకున్నాడు. సంగీతశాస్త్రం మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. ఒక మనిషి చేతులు అలా బల్ల కిందికి వెళ్లిపోవడానికి ఏం పేరు పెట్టాలో వాటిలో ఎక్కడా లేదు.

ఆదికేశవన్ లేచాడు. ఇక గొడవేనని నేను కూడా లేచాను, పట్టుకోవడానికి. ఆయన మాత్రం శాంతంగా మైకు దగ్గరికి నడిచాడు.

“తంబీ, పాట ఆపు. చిన్న ఆట ఆడదాం.”

ఇది కూడా కార్యక్రమంలో భాగమేననుకుని జనం ఉత్సాహపడ్డారు.

“అందరూ చప్పట్లు కొట్టండి. నిదానంగా. ఇట్ల. ఒకటే వేగం. మారకూడదు. మారిస్తే ఓడిపోయినట్టే.”

కొట్టారు. గది నిండా చప్పట్లు, ఏనుగు నడకలా, నిండుగా. కొంతసేపు బాగానే సాగింది. తరవాత ఎవరూ ఏమీ చెయ్యకుండానే చప్పట్లు కొంచెం దగ్గరయ్యాయి. ఇంకొంచెం. ఎవరూ ఎవరినీ తొయ్యలేదు. అందరూ పక్కవాళ్ల చేతుల వెంటే పోతున్నారు. చూస్తుండగానే ఏనుగు గుర్రమైంది, గుర్రం పరుగందుకుంది. పిలక కుర్రాడు కూడా తొడ మీద కొట్టుకుంటూ ఊగిపోతున్నాడు. ఆదికేశవన్ చెయ్యెత్తాడు. దబ్బున ఆగింది.

“ఎవరు తరిమినారు మిమ్మల్ని? నాకు యాడా కుక్క కనపళ్లేదే.”

ఆ తరవాత వచ్చిన నవ్వు వేరు; తమను చూసి తామే నవ్వుకున్న నవ్వు. పిలక కుర్రాడు ఓడిపోయానన్నట్టు రెండు చేతులూ ఎత్తి, “ఆ డ్రమ్మర్ గానీ వచ్చారా ఏంటండీ?” అన్నాడు.

“అదో, ఆ తెల్ల చొక్కా తాత” అంది ఆర్తి, ట్రేతోనే చూపిస్తూ.

పాట మళ్లీ మొదటి నుంచి పెట్టారు. ఈసారి జనం దానితోపాటు చప్పట్లు కొట్టారు. పాట నడిస్తే నడిచారు, ఉరికితే ఉరికారు, ఆఖరి దెబ్బ దగ్గర అందరూ ఒక్కసారిగా గుడి తలుపుకు చేరారు. నాలుగో క్యాసెట్ కూడా చూద్దామని కుర్రాడు ‘లైట్‌హౌస్’ పెట్టాడు. మిషను తన దారిన తను టిక్కుటిక్కుమంటూనే ఉంది. చప్పట్లు దాన్ని దాటిపోయి, వెనక్కి చూసుకుని, తడబడి, చెల్లాచెదురయ్యాయి.

“మిషనుకు ఇల్లు లేదు. యాడికి పోవాల్నో దానికి తెలీదు” అన్నాడు ఆదికేశవన్, తీర్పు చదివినట్టు.

పిల్లలు ముకుందన్ చుట్టూ మూగారు. విగ్గులు తీసి అతనితో ఫొటోలు దిగుతున్నారు. ఇంకో గంటకు ఈ పిల్లలే అతని పేరు మరిచిపోతారని నాకు తెలుసు. ఈ ఊరు గోడల్ని ఎలా ప్రేమిస్తుందో మనుషుల్నీ అలాగే ప్రేమిస్తుంది, ఫొటో దిగేంతసేపు. అయినా ఆ గంట అతనిది.

‘లైట్‌హౌస్’ను ఆపాలని ఎవరికీ తోచలేదు. అది మూలనున్న స్పీకర్‌లోంచి సన్నగా వస్తూనే ఉంది. ఆదికేశవన్ ఆ స్పీకర్ పక్కన, గోడ వైపు తిరిగి, ఒక్కడే నిలబడి ఉన్నాడు. కాఫీ అందిద్దామని వెళ్లినవాణ్ణి అక్కడే ఆగిపోయాను.

ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఒక్క మాట తప్పకుండా. మధ్యలో మాటల్లేని కూనిరాగం కూడా. గాయకుడు ఊపిరి పీల్చిన చోట ఆయనా పీలుస్తున్నాడు. చివర గొంతు కొంచెం చీలుతుంది. అక్కడికి ముందే చేరుకుని ఎదురుచూస్తున్నాడు. ఒక పాట అలా నోటికి రావాలంటే దాన్ని ఎన్ని మధ్యాహ్నాలు, తలుపులేసుకుని, ఎవరికీ వినబడకుండా విని ఉండాలో ఆలోచించండి. ప్రపంచంలో తనకు అన్నిటికంటే ఇష్టమైన పాటను, ఒక స్నేహితుడు అందులో లేడు కాబట్టి, నలభై ఏళ్లపాటు బజార్లో నిలబడి తిట్టినవాడు నాకు తెలిసినంతలో ఈయన ఒక్కడే.

నేను చప్పుడు చెయ్యకుండా బయటికి వచ్చేశాను. సాయంత్రమైతే బీచ్ రోడ్డు మీదికి మోటారు బళ్లను రానివ్వరు. జనం తీరిగ్గా నడుస్తున్నారు. సముద్రం వైపు గోడ మీద కూర్చున్నాను. కొంతసేపటికి ముకుందన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇస్త్రీ మడతంతా పోయింది.

“చూసినావా అన్నా?” అన్నాడు.

“ఏది?”

“వాడి నోరు.”

నేను సముద్రాన్ని చూశాను. ముకుందన్ కిసుక్కున నవ్వాడు.

“నాకెప్పుడో తెలుసు. ఒకసారి మధ్యాన్నం కొట్టుకు పోతే షట్టర్ సగం దించుండాది. లోపల అదే పాట. నేను తిరిగి వచ్చేస్తిని. నాలుగోదే మంచిది అన్నా. నాకు తెలీదా ఏంది? నేను దాంట్లో లేను గాబట్టే అంత మంచిగా ఉండాది.”

“మరి రోజూ కొట్లో కూర్చుని ఆ మూడూ...”

“తల నొప్పి పుడతాది. ఎట్ల వాయించినాను రా సామీ అనిపిస్తాది. ఆపమంటే వాడికి కష్టంగా ఉంటాది గదా. నాకోసరం అంత చేస్తా ఉండాడు, నేను కూర్చునేదానికి ఏం రోగం?” అని లేచి, అరటిపండ్ల బండి వైపు నడిచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, “వాడికి చెప్పొద్దు” అన్నాడు.

ఆదికేశవన్ వచ్చాడు. గెలిచినవాడి ముఖంలా లేదు. నా పక్కన కూర్చుని, చెప్పులు విడిచి, పాదాలు చూసుకున్నాడు.

“ఆదీ, లోపల నీ పెదవులు కదిలాయి” అన్నాను.

“ఉప్పు గాలికి ఎండిపోయినాయి. తడుపుకున్నా.”

“చాలా చక్కగా తడుపుకున్నావు. శ్రుతి కూడా తప్పలేదు.”

ఆయన నన్ను చూడలేదు. బండి దగ్గర పండు ఒలుస్తున్న ముకుందన్ని చూస్తూ, “వాడికి చెప్తావా?” అన్నాడు.

ఒక రహస్యాన్ని ఇద్దరు చెరో కొస పట్టుకుని నా చేతిలో పెట్టారు. ఏదో ఒక కొస లాగుదామా అనిపించింది. ముసలితనంలో అలాంటి బుద్ధి పుడుతుంది.

“ఏం చెప్పాలి? పెదవులు ఎండాయనా?” అన్నాను.

ఆదికేశవన్ చెప్పులు తొడుక్కున్నాడు. లేచాడు. వస్తానని గానీ, బస్సు ఎక్కడ ఎక్కుతావని గానీ, మళ్లీ ఎప్పుడొస్తావని గానీ అనకుండా, నేను అక్కడ లేనట్టే, అరటిపండ్ల బండి వైపు నడిచిపోయాడు. ముకుందన్ ఒలిచిన పండు ఆయన చేతిలో పెట్టాడు. ఇద్దరూ జనంలో కలిసిపోతుండగా గాలికి ముకుందన్ గొంతు నా దాకా వచ్చింది.

“మూడోది వెయ్యకుండానే ముగించేసినారు రా. విందామని ఎంత ఆశగా ఉండినానో.”

“రేపు కొట్టుకు రా” అన్నాడు ఆదికేశవన్. “రెండు తూర్లు వేస్తా.”